రాత్రి మాత్ర, తినని సంగటి: అనంతపురంలో ఒక చిన్న వృద్ధాశ్రమం కేస్ స్టడీ

శ్రావణ శనివారం దాటి ఆదివారం తెల్లవారుజాము 3.40కి, 74 ఏళ్ల పెద్దావిడ బాత్‌రూమ్ గడప దగ్గర పడిపోయారు. నైట్ రిజిస్టరులో ఉన్నది ఒకే వాక్యం: ‘అవ్వ కాలు జారి పడింది, పడుకోబెట్టినాము.’

ఆ వాక్యంలో అబద్ధం లేదు. గడప తడిగానే ఉంది. కాలూ జారింది. కానీ అదే కారణమనుకుని ఆగిపోతే ఆ ఇంట్లో మారేది ఒక రబ్బరు మ్యాటు, అంతే. ఇంకో నెలకో రెండు నెలలకో ఇంకొకరు పడతారు. అసలు ఆ పడిపోవడం రాత్రి 8 గంటలకు మాత్రల డబ్బా దగ్గర మొదలైంది. అంతకుముందు వంటింట్లో, ఇంకా పది రోజులు వెనక్కి వెళితే మోకాళ్ల నొప్పికి బజారు నుంచి తెప్పించుకున్న మాత్రల దగ్గర. ఈ మూడు చోట్లా ఉన్నవాళ్లకు ఎవరి సంగతి వాళ్లకు తెలుసు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి చేరే దారి ఆ ఇంట్లో లేదు. ఈ కేసులో ముఖ్యమైన విషయం అదే. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాం.

ఇల్లు, మనుషులు

ఊరి అంచున అద్దె ఇల్లు, కింది అంతస్తు మాత్రమే వాడుతున్నారు. ఉండేది 13 మంది: ఆడవాళ్లు 9 మంది, మగవాళ్లు 4. ఆరుగురికి షుగరు, అందులో ఇద్దరు ఇన్సులిన్ మీద ఉన్నారు. తొమ్మిది మందికి బీపీ. ఇద్దరు మంచం దిగలేరు. పగలు ఇద్దరు ఆయాలు, రాత్రి 8 నుంచి పొద్దున 6 దాకా ఒకే ఆయా. వంటావిడ రాత్రి భోజనం పెట్టేసి 7.30కి ఇంటికి వెళ్తుంది. నర్సు సోమవారం నుంచి శనివారం దాకా, 9 నుంచి 5 వరకే. డాక్టరు పదిహేను రోజులకోసారి వచ్చి చూస్తారు. మేనేజరు ఇల్లు పక్క వీధిలో.

వేళలు పక్కపక్కన పెట్టి చూడండి. వంటావిడ వెళ్లేది 7.30కి, రాత్రి ఆయా వచ్చేది 8కి. ఎవరు ఎంత తిన్నారో చూసిన మనిషి, మాత్రలు ఇచ్చే మనిషి రోజూ ఒకరికొకరు ఎదురుపడరు.

పెద్దావిడ బరువు 44 కిలోలు. ఆమెకు రాసిన మందులు ఇవి. గ్లిమెపిరైడ్ 2 మి.గ్రా., మెట్‌ఫార్మిన్ 500 కలిపిన షుగరు మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. బీపీకి ఆమ్లోడిపిన్ 5 పొద్దున. టెల్మిసార్టాన్ 40తో పాటు హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 ఉన్న బీపీ మాత్ర రాత్రికి. ఈ చివరిది పొద్దున ఇవ్వాల్సింది. పొద్దున మాత్రలు ఎక్కువై నర్సుకు చేతులు చాలక ఎప్పుడో రాత్రి గడిలోకి మారింది, అక్కడే ఉండిపోయింది. అందులో ఉన్నది మూత్రం ఎక్కువ చేసే మందు. రాత్రి వేసుకుంటే రాత్రే లేవాలి.

ఆ రాత్రి

వంటావిడ, ఆయా, పక్క మంచం ఆవిడ, మేనేజరులను విడివిడిగా అడిగి, రిజిస్టర్లతో సరిపోల్చి వరుస కడితే ఇలా తేలింది.

బుధ, గురువారాల్లో ఆమెకు విరేచనాలు. శుక్రవారానికి తగ్గాయి కానీ నీరసం. శనివారం ఒక్కపొద్దు. మధ్యాహ్నం ఒకసారి కాస్త అన్నం తిన్నారు. రాత్రికి ఒక అరటిపండు, గ్లాసు పాలు. ‘శనివారం గదా, అవ్వ రాత్రికి సంగటి ముట్టదు, నాకు ఎప్పట్నుంచో తెలుసు’ అంది వంటావిడ. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

8.10కి మాత్రలు. గ్లిమెపిరైడ్ మాత్ర, బీపీ మాత్ర రెండూ వేశారు.

1 గంటకు ఒకసారి బాత్‌రూమ్‌కు వెళ్లొచ్చారు. 3.40కి మళ్లీ లేచారు. ఆ సమయంలో ఆయా మంచం దిగలేని ఒకాయన పక్కబట్టలు మారుస్తోంది. చప్పుడు విని వచ్చేసరికి ఆమె గడపకు అడ్డంగా పడి ఉన్నారు. నుదురు బొప్పి కట్టింది, ఎడమ మణికట్టు వాచింది. ఒళ్లంతా చెమట, మాట ముద్దముద్దగా ఉంది, పొంతన లేదు. ఆయా మాటల్లోనే: ‘జడుసుకుందిలే అనుకుంటిని. మొగం కడిగి, నీళ్లు తాపి, పండబెట్టినాను.’ ఇంకొకామెను లేపి, ఇద్దరూ చెరో రెక్క పట్టుకుని లేపారు.

గ్లూకోమీటరు ఆఫీసు గదిలో బీరువాలో ఉంది. తాళంచెవి మేనేజరు దగ్గర ఉంది. 4 గంటలకు ఫోను చేయడానికి ఆయాకు ధైర్యం చాలలేదు. చేసింది 6 గంటలకు. 6.30కి షుగరు చూస్తే 46. చక్కెర నీళ్లు తాగించారు. 7కి 84. అందరూ ఊపిరి పీల్చుకున్నారు, ఆమె కూడా మామూలుగా మాట్లాడారు. 9కి చూస్తే మళ్లీ 57. అప్పుడు 108కి ఫోను చేశారు.

ఆసుపత్రిలో గ్లూకోజు డ్రిప్పు మీద మూడు రోజులు. తల స్కాను బాగానే ఉంది. మణికట్టు ఎముక చిట్లింది, కట్టు వేశారు. కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష క్రియాటినిన్ 1.9. పద్నాలుగు నెలల కిందట చేయించిన పరీక్షలో 1.1. ఈ వయసులో 1.9 అంటే కిడ్నీ వడపోత లెక్క 30 కిందికి వచ్చేసినట్టు. ఆ స్థాయిలో మెట్‌ఫార్మిన్ వాడకూడదు.

బెంగళూరులో ఉన్న కొడుకుకు సంగతి చేరింది మధ్యాహ్నం 12కి, ‘బాత్‌రూమ్‌లో జారి పడ్డారు’ అని మాత్రమే. షుగరు పడిపోయిందని ఆయనకు తెలిసింది డిశ్చార్జి కాగితం చదివాక. ఆ తర్వాత ఆ ఆశ్రమం మీద ఆయనకు నమ్మకం తిరిగి కుదరడానికి నెలలు పట్టింది. పడినందుకు ఆయన కోపగించుకోలేదు. దాచారని బాధపడ్డారు.

షుగరు ఎందుకు పడింది, ఎందుకు మళ్లీ పడింది

గ్లిమెపిరైడ్ పాంక్రియాస్ చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. కడుపులో అన్నం ఉందా లేదా అని చూసుకోదు. రాగి సంగటి ముద్ద, పప్పు తిన్న రాత్రి దానికి పనుంటుంది. అరటిపండు, గ్లాసు పాలు కలిపితే పిండిపదార్థం దాదాపు 30 గ్రాములు. అదీ రెండు గంటల్లో అయిపోతుంది. మాత్ర తెల్లవార్లూ పనిచేస్తూనే ఉంటుంది.

దానికి కిడ్నీ తోడైంది. గ్లిమెపిరైడ్ నుంచి పుట్టే, ఇంకా పనిచేసే పదార్థం కిడ్నీ గుండానే బయటికి పోవాలి. ఇన్సులిన్‌ను వదిలించడంలోనూ కిడ్నీకి వంతుంది. కిడ్నీ నెమ్మదిస్తే రెండూ ఒంట్లో నిలుస్తాయి. 84కి వచ్చిన షుగరు రెండు గంటల్లో 57కి జారింది అందుకే. ఈ జాతి మాత్రలతో షుగరు పడితే, ఒకసారి అంకె పెరిగింది కదా అని ఇంట్లో ఉంచుకోకూడదు. ఒక రోజుకు పైగా మళ్లీ మళ్లీ పడొచ్చు. నిలకడగా చూసుకోవడానికి ఆసుపత్రే సరైన చోటు.

మరి కిడ్నీ ఎందుకు దెబ్బతింది? దిండు కింద జవాబు దొరికింది. పక్క దులుపుతుంటే సగం వాడిన డైక్లోఫెనాక్ 50 స్ట్రిప్పులు రెండు బయటపడ్డాయి. మోకాళ్ల నొప్పికి పది రోజులుగా రోజుకు రెండు. బజారుకు వెళ్లిన మనిషి చేత తెప్పించుకున్నారు. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు. పాపం నొప్పి అని అడిగితే ఎవరైనా తెచ్చిస్తారు.

కానీ ఆ మాత్ర కలిసిన జతను చూడాలి. కిడ్నీ జల్లెడలోకి రక్తం తెచ్చే నాళాన్ని నొప్పి మాత్ర బిగిస్తుంది. జల్లెడ నుంచి బయటికి పోయే నాళాన్ని టెల్మిసార్టాన్ వదులు చేస్తుంది. బీపీ మాత్రలో కలిసున్న, మూత్రం ఎక్కువ చేసే మందు (నీటి మాత్ర), పైగా రెండు రోజుల విరేచనాలు ఒంట్లో నీటినే తగ్గించేశాయి. వడపోతకు కావాల్సిన ఒత్తిడి మూడు వైపులా పడిపోయింది. విడివిడిగా చూస్తే ప్రతి మందూ మామూలుదే, మన జిల్లాల్లో చాలా ఇళ్లలో కనబడేదే. ముసలితనంలో, ఎండాకాలంలో, కడుపు చెడినప్పుడు ఈ మూడూ ఒకేసారి ఒంట్లో ఉండకూడదు.

ఇంకో సంగతి. షుగరు పడితే కుర్రవాళ్లకు వణుకు, ఆకలి, గుండెదడ వస్తాయి. పెద్దవాళ్లలో చాలాసార్లు ఇవి కనబడవు. తడబాటు, పొంతన లేని మాట, చిరాకు, మత్తు, చెమట: ఇవే గుర్తులు. అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి బీపీ మాత్రలు వాడుతుంటే గుండెదడ, వణుకు ఇంకా మరుగునపడతాయి. చెమట మాత్రం పడుతుంది. ఆయా చూసింది అదే. జడుపు అనుకోవడంలో ఆమె తప్పేమీ లేదు, ఆమెకు ఎవరూ నేర్పలేదు.

మాత్రల నోటు పుస్తకం

ఆ పుస్తకాన్ని కాసేపు దగ్గరగా చూడాలి. పేజీకి ఒక రోజు. ఎడమ వైపు 13 పేర్లు, కుడి వైపు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి గడులు. ఆ శనివారం రాత్రి గడిలో 13 టిక్కులు. అన్నీ ఒకే పెన్ను, ఒకే వాలు, ఒకదాని కింద ఒకటి తీగలా. 13 మంచాల దగ్గరికి నడిచి, నీళ్లిచ్చి, మింగించి, తర్వాత ఒక్కొక్కటి పెట్టిన టిక్కులు అలా ఉండవు. కొన్ని లావుగా, కొన్ని వంకరగా, ఒకచోట నీటి మరకతో ఉంటాయి. ఇవి ఒకచోట కూర్చుని పెట్టినవి. స్ట్రిప్పుల్లో మిగిలిన మాత్రలు లెక్కపెడితే ఇంకొకాయన బీపీ మాత్రలు మూడు ఎక్కువ తేలాయి. అంటే టిక్కు ఉన్న మూడు రోజులు ఆయనకు మాత్ర అందలేదు.

పుస్తకం ఉంది కదా అని చాలా ఇళ్లలో నిశ్చింతగా ఉంటారు. నెలకోసారి స్ట్రిప్పు లెక్క చూడండి: తెచ్చినవి, ఇచ్చినట్టు రాసినవి, మిగిలినవి. మూడూ కలవాలి. అరగంట పని. ఏ తనిఖీ కన్నా ఇదే నిజం చెబుతుంది.

ఏం మార్చాం

మొదటి మార్పు వంటింట్లో, ఒక నల్ల పలకతో. పేర్లు రాసి, ప్రతి భోజనం తర్వాత వడ్డించిన మనిషే గుర్తు పెట్టాలి. నిండు సున్నా అంటే అంతా తిన్నారు. సగం నింపిన సున్నా అంటే సగం. ఖాళీ సున్నా అంటే తినలేదు లేదా రెండు ముద్దలతో లేచారు. చదువు రాకపోయినా పెట్టగలిగే గుర్తులు కావాలనే ఇలా ఎంచుకున్నాం. షుగరు మాత్రలు, ఇన్సులిన్ ఇచ్చేవాళ్లు పలక చూశాకే డబ్బా తెరవాలి. మాత్రకు గడియారం కన్నా కంచం ముఖ్యం. వంటావిడ వేళ 8.15 దాకా జరిపి, ఆ ముప్పావు గంటకు జీతం కలిపారు. ఇప్పుడు ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఒక ప్రశ్న అడుగుతారు: ‘ఈపొద్దు ఎవురు తినల్యా?’

మాత్ర ఆపాలా వద్దా అన్నది ఆయా నిర్ణయం కాకూడదు. షుగరు ఉన్న ఆరుగురికీ డాక్టరు చేత తలా ఒక కాగితం రాయించి, సంతకం తీసుకుని, మాత్రల డబ్బా మూతకు లోపలి వైపు అంటించాం. అందులో మూడే సంగతులు: సగం కన్నా తక్కువ తింటే ఏ మాత్ర ఆపాలి, వాంతులో విరేచనాలో ఉంటే ఏవేవి ఆపి ఫోను చేయాలి, ఎంత అంకె దాటితే ఆసుపత్రి. మెట్‌ఫార్మిన్, నీటి మాత్రలు, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు, నొప్పి మాత్రలు ఈ రెండో గుంపులోకి వస్తాయి. ఇన్సులిన్ వేసుకునేవాళ్లలో ఒకాయనకు 30/70 మిశ్రమం భోజనానికి అరగంట ముందు. తింటాడో లేదో తెలియని మనిషికి అరగంట ముందే సూది వేయడం ప్రమాదం. డాక్టరు దాన్ని మార్చి రాశారు. ఇలాంటి మార్పు డాక్టరు చేయాలి, ఆశ్రమం తనంత తాను చేయకూడదు.

పెద్దావిడకు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ రెండూ ఆపేసి లినాగ్లిప్టిన్ 5 మి.గ్రా. ఒక్కటే రాశారు. దాన్ని కిడ్నీ కోసం తగ్గించాల్సిన పని లేదు, అది ఒక్కటే వాడితే షుగరు పడిపోవడం అరుదు. మోకాళ్లకు పారాసిటమాల్, వేడి కాపడం. మూడు నెలల సగటు షుగరు (HbA1c) లక్ష్యాన్ని 8 శాతం దగ్గరికి సడలించారు. బలహీనంగా ఉన్న పెద్దవాళ్లలో 6.5 కోసం పట్టుబడితే లాభం కన్నా పడిపోవడాలే ఎక్కువ. ఇంటివాళ్లకు ఈ మాట ఓపికగా చెప్పాలి. ‘షుగరు పెరిగింది, మీరు పట్టించుకోవట్లేదు’ అని ఫోన్లు వస్తాయి.

రెండో మార్పు ఒక ప్లాస్టిక్ డబ్బా. తాళం లేదు, రాత్రి ఆయా మంచం తల దగ్గర గోడకు. లోపల గ్లూకోమీటరు, స్ట్రిప్పులు, సూదులు, దూది, గ్లూకోజు పొడి, ఒక చెంచా, స్టీలు గ్లాసు, మూతకు అంటించిన అట్టముక్క. అట్టముక్క మీద: 70 కన్నా తక్కువ ఉండి, మింగగలిగితే, గ్లూకోజు పొడి మూడు చెంచాలు సగం గ్లాసు నీళ్లలో. 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అదే. పెరిగాక ఇడ్లీయో బ్రెడ్డో పెట్టాలి. 54 కన్నా తక్కువైనా, గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మాత్ర మీద ఉండి షుగరు పడినా 108. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108.

చక్కెరో బెల్లమో ఎందుకు వద్దు అని అడుగుతారు. మనవైపు వోగ్లిబోస్ కలిసిన షుగరు మాత్రలు చాలామంది వాడతారు. అది చక్కెరను పేగులో విడగొట్టే పనినే ఆలస్యం చేస్తుంది, అంచేత చక్కెర నీళ్లు వేళకు అందవు. గ్లూకోజుకు ఆ అడ్డు లేదు. ఏ మాత్ర ఎవరికో రాత్రి మూడింటికి ఆయా గుర్తు తెచ్చుకోలేదు, అందుకే అందరికీ గ్లూకోజే. పాలు, చాక్లెట్ కూడా వద్దు, కొవ్వు ఉంటే షుగరు నెమ్మదిగా ఎక్కుతుంది.

స్ట్రిప్పుల డబ్బా మీద తెరిచిన తేదీ పెన్నుతో రాయాలి. తేమ తగిలినా ఎండ తగిలినా అంకె తప్పు చూపిస్తుంది. అనంతపురం ఏప్రిల్, మే నెలల్లో రేకుల గదుల్లో స్ట్రిప్పులు ఉంచొద్దు. ఫ్రిజ్జులోనూ వద్దు, తీసినప్పుడు చెమర్చుతాయి. ఇన్సులిన్ తెరవని సీసాలు ఫ్రిజ్జులో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, తలుపు గూట్లో కాకుండా లోపలి అరలో. మంచుగడ్డ అరకు ఆనిస్తే గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. కరెంటు పోయినప్పుడు తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో, నీళ్లు తగలకుండా చిన్న డబ్బాలో పెట్టి ఉంచొచ్చు.

పడ్డ మనిషిని ఎలా చూడాలి

చెరో రెక్క పట్టి లేపడం మనందరికీ వచ్చిన అలవాటు. తుంటి ఎముక విరిగి ఉంటే ఆ లాగుడుకే ఎముక జరిగిపోతుంది. భుజం జారొచ్చు. వెంటనే లేపవద్దు. తల కింద మడిచిన దుప్పటి పెట్టి, పక్కన కూర్చుని పలకరించాలి. మాట సరిగా ఉందా, తల తగిలిందా, ఏదైనా కాలు పొట్టిగా కనబడుతూ పాదం బయటికి తిరిగి ఉందా చూడాలి. ఆ కాలు గుర్తు ఉంటే కదపకుండా 108. తర్వాత షుగరు, బీపీ, నాడి. షుగరు ఉన్నా లేకున్నా, పడ్డ ప్రతి ఒక్కరికీ షుగరు చూడాలి. అంతా బాగుంటే కుర్చీ దగ్గర పెట్టి, ముందు పక్కకు తిరిగి, మోకాళ్ల మీదికి వచ్చి, కుర్చీ పట్టుకుని ఆమెనే లేవనివ్వాలి. మనం వెనక ఉండాలి.

తల తగిలితే మొదటి రెండు గంటలు అరగంటకోసారి, తర్వాత నాలుగు గంటలు గంటకోసారి, ఆపైన 24 గంటలు నిండేదాకా రెండు గంటలకోసారి లేపి మాట్లాడించాలి. వాంతి, ఎక్కువ మత్తు, ఒక వైపు బలం తగ్గడం కనబడితే ఆసుపత్రి. రక్తం పలచబరిచే మందులు వాడుతున్నవాళ్లకు తల తగిలితే, బొప్పి కనబడకపోయినా, చూసి చెబుదామని ఆగకూడదు.

మర్నాడు చేయాల్సిన పరీక్ష ఒకటుంది, చాలామంది మరిచిపోతారు. పడుకున్నప్పుడు బీపీ చూసి, లేచి నిలబడ్డాక 1 నిమిషానికి, 3 నిమిషాలకు మళ్లీ చూడాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే, రాత్రి లేచినప్పుడు కళ్లు తిరిగేది అందుకే. పెద్దావిడకు పై అంకె 26 పడిపోయింది. డాక్టరు బీపీ మాత్రలో నీటి మందు ఉన్నదాన్ని పూర్తిగా తీసేశారు.

బాత్‌రూమ్

మంచం నుంచి 22 అడుగులు. స్విచ్చు బాత్‌రూమ్ బయట, పెద్దావిడ చేయి అందనంత ఎత్తులో. నీళ్లు బయటికి రాకుండా కట్టిన గడప 4 అంగుళాలు. తలుపు లోపలికి తెరుచుకుంటుంది. లోపల పడితే ఆ మనిషే తలుపుకు అడ్డమవుతుంది, బయటివాళ్లు తెరవలేరు. తలుపు బయటికి తెరుచుకునేలా బిగించి, గొళ్లెం బయటినుంచి కూడా తీయగలిగేది వేశాం. గడప కొట్టించి వాలు సరిచేయించడానికి ఇంటి ఓనరు ఒప్పుకోవడానికి నెల పట్టింది. అప్పటిదాకా గడపకు పసుపు రంగు వేయించి, మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రంతా వెలిగే చిన్న దీపాలు ఇన్వర్టరు మీద పెట్టాం.

పట్టుకునే కడ్డీ నేల నుంచి 34 అంగుళాల ఎత్తున. తువ్వాలు ఆరేసే కడ్డీని పట్టుకునే కడ్డీ అనుకుని బిగించిన ఇళ్లు చాలా ఉన్నాయి, అది బరువుకు ఊడివస్తుంది. మేకు టైలు దాటి ఇటుకలోకి దిగాలి. బిగించాక ఒక పెద్దమనిషి పూర్తి బరువు వేసి లాగి చూడాలి. కమోడు ఎత్తు 17 నుంచి 19 అంగుళాలు ఉంటే మోకాళ్ల మీద భారం తగ్గుతుంది. రాత్రి లేచే నలుగురికి మంచం పక్కనే కమోడు కుర్చీ వేశాం. మొదట సిగ్గుపడ్డారు. చుట్టూ కర్టెన్ వేలాడదీశాక వాడడం మొదలుపెట్టారు. ఈ ఒక్క కర్టెన్‌కు అయిన ఖర్చు చాలా తక్కువ, చేసిన మేలు కడ్డీ కన్నా ఎక్కువ.

అరిగిన స్లిప్పర్లు తీసేయండి. అరికాలికి పట్టు లేని చెప్పు ఎంత మంచి గచ్చు మీదైనా జారుతుంది.

చిక్కులు

పలక మూడో వారానికే ఖాళీగా కనబడింది. వంటావిడ సెలవు పెట్టిన రోజు ఎవరూ గుర్తులు పెట్టలేదు, మర్నాడూ ఎవరూ అడగలేదు. పలక ఖాళీగా ఉంటే షుగరు మాత్రల డబ్బా తెరవకుండా ఎవరు తిన్నారో స్వయంగా అడిగి తెలుసుకోవాలని రూలు రాశాక నిలబడింది.

ఒక్కపొద్దు మానమని మేనేజరు చెబితే పెద్దావిడ రెండు రోజులు మాట్లాడలేదు. మానమని చెప్పడం తప్పు. ఎనభై ఏళ్లకు దగ్గరపడుతున్న మనిషి శనివారం దేవుడికి ఇచ్చుకున్న మాటను ఆశ్రమం రద్దు చేయకూడదు. శ్రావణ శనివారాలు, కార్తీక సోమవారాలు, ఏకాదశులు, శివరాత్రి, అక్కడే ఉన్న ఒకాయన రంజాను రోజాలు అన్నీ క్యాలెండరు మీద ముందే గుర్తు పెట్టి, డాక్టరు వచ్చినప్పుడు ఆ రోజులకు మాత్రల వేళలు వేరేగా రాయించుకుంటున్నాం. పెద్దావిడ ఇప్పుడు శనివారం రాత్రి పండు, పాలతో పాటు ఉప్మా తింటున్నారు. అన్నం కాదు కాబట్టి ఒక్కపొద్దు నిలబడిందని ఆమే తేల్చారు.

దిండు కింద మాత్రల గురించి గదులు సోదా చేయాలని ఒకరన్నారు. వద్దన్నాం. సోదా చేస్తే ఇంకా లోపల దాస్తారు. బదులుగా వారానికోసారి నర్సు పక్కన కూర్చుని ‘అవ్వా, ఎక్కడ నొప్పి? ఏమన్నా తెప్పించుకున్నావా?’ అని అడుగుతుంది. నొప్పికి సరైన మందు వేళకు అందితే బజారు మాత్ర అవసరమే పడదు.

నీళ్ల సంగతీ అంతే. రాత్రి లేవాల్సి వస్తుందని సాయంత్రం 4 నుంచే చాలామంది నీళ్లు మానేస్తారు. ఎండాకాలంలో ఇది కిడ్నీకి ముప్పు. గుండెకో కిడ్నీకో డాక్టరు నీళ్లు తగ్గించమన్నవాళ్లకు తప్ప, పొద్దున లేచినప్పటి నుంచి మధ్యాహ్నం 3 లోపు ఒక లీటరు తాగేలా సీసాకు పేరు రాసి ఇచ్చాం. మజ్జిగ, రాగి అంబలి కూడా లెక్కలోకే.

అన్నిటికన్నా కష్టమైనది ఆయాల భయం. ఎవరైనా పడితే అంతకుముందు ఒకసారి జీతం కోసిన చరిత్ర ఉంది. అందుకే ఫోను ఆలస్యమైంది, అందుకే రిజిస్టరులో ఆ వాక్యం. తప్పు చెప్పినందుకు జీతం కోసే ఇంట్లో తప్పులు ఆగవు, చెప్పడమే ఆగుతుంది. మేనేజరు అందరి ముందు మాట ఇచ్చారు: చెప్పిన దానికి కోత ఉండదు, రాత్రి ఎన్నింటికైనా ఫోను చేయొచ్చు. రిజిస్టరులో పేజీ మార్చాం. పడేముందు ఏం తిన్నారు, చివరి మాత్ర ఎన్నింటికి, షుగరు ఎంత, దీపం వెలుగుతోందా, కాళ్లకు ఏం ఉంది, ఇంటివాళ్లకు ఎన్నింటికి చెప్పాం. గంట లోపు ఇంటివాళ్లకు ఫోను. పడబోయి నిలదొక్కుకున్నవీ రాయమన్నాం. మొదటి నెలలో రాతలు పెరిగాయి. కొందరు కంగారుపడ్డారు. ఇంతకాలం జరిగినవే ఇప్పుడు కాగితం మీదికి వచ్చాయి.

తేలనివి రెండు మిగిలాయి. ఒకటి ఆదివారం నర్సు లేకపోవడం. నెలకు రెండు ఆదివారాలు సగం పూట వచ్చేలా ఒప్పందం కుదిరింది, మిగతావి ఇంకా ఖాళీ. రెండోది రాత్రి ఒకే ఆయా. వైరులెస్ కాలింగ్ బెల్లు ఒక్కో మంచానికి కట్టాం, 10, 12, 2, 4 గంటలకు తిరిగి చూసి అప్పటికప్పుడు సంతకం పెడుతోంది. కానీ ఆమె ఒకరి పక్కబట్టలు మారుస్తున్నప్పుడు ఇంకొకరి బెల్లు మోగితే ఇప్పటికీ ఒక చేయే ఉంది. రెండో మనిషి జీతం 13 మంది ఇళ్లకు పంచితే ఎంత పెరుగుతుందో లెక్కగట్టి కుటుంబాలకు కాగితం పంపారు. ఏడుగురు సరేనన్నారు. మిగతావాళ్లతో మాటలు నడుస్తున్నాయి.